రామప్ప చూడవచ్చినవాళ్లకు అన్నం ఎక్కడ పెట్టిద్దాం?

సంపాదకుల వారికి నమస్కారం.

రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చినవాళ్లు కూడా మన వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట, రామప్ప చూసి వెళ్లారు. శిల్పాల గురించి చెప్పడానికి గైడ్లు ఉన్నారు. ఆకలైతే ఎక్కడ తినాలో చెప్పేవాళ్లే లేరు.

మా అమ్మాయితో పనిచేసే ఇద్దరు జర్మనీ అమ్మాయిలు పోయిన చలికాలం మా ఇంటికి వచ్చారు. మన దేశానికి రావడం అదే మొదటిసారి. రామప్ప గుడి ఉన్న పాలంపేట నుంచి తిరిగొస్తుంటే మధ్యాహ్నం మూడు దాటింది. డ్రైవర్ ఒక పెద్ద ఏసీ హోటల్ ముందు ఆపాడు. కారం తక్కువ వేయమని మూడుసార్లు చెప్పాం. అయినా కోడికూర మీద తరి ఎర్రగా తేలుతూ వచ్చింది. రెండో ముద్దకే ఒకమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగింది. మిరప ఘాటు నీళ్లలో కరగదు, పాలకో పెరుగుకో దిగుతుంది. పెరుగు అడిగితే అయిపోయిందన్నారు! ఆ రాత్రి వాళ్లిద్దరూ అరటిపండ్లు తిని పడుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఇంట్లో పెసరపప్పు, జొన్నరొట్టె, గడ్డపెరుగు పెట్టాను. బియ్యప్పిండితో కాల్చే సర్వపిండి కూడా చేశాను. మాడీ మాడనట్టు ఎర్రగా కాలిన అంచులు విరుచుకుని, మళ్లీ అడిగి వేయించుకున్నారు. అందులో పల్లీలు, నువ్వులు పడతాయి కాబట్టి అవి సరిపడతాయా అని ముందే అడిగాను. పల్లీలు పడనివాళ్లకు ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. హోటళ్లలో ఈ మాట ఎవరు అడుగుతున్నారు?

విదేశీయులు కదా అని పిజ్జాలు, నూడుల్స్ తినిపించి పంపడం నాకు నచ్చదు. ఏసీ ఉంటే చాలనుకోవడమూ తప్పే. చెప్పినట్టు కారం తగ్గించి అప్పటికప్పుడు వేడిగా వండాలి, పప్పు, పెరుగు ఎప్పుడూ ఉండాలి, సీల్ తీయని నీళ్ల బాటిల్, శుభ్రమైన టాయిలెట్ ఉండాలి. అది చిన్న మెస్ అయినా సరే. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కదా, దానికి రంగు ఎక్కువ, కారం తక్కువ. ఎనుమాముల మిర్చి మార్కెట్ ఉన్న ఊళ్లో హోటళ్లు ఇలాంటి అతిథుల కూరల్లో ఆ కారం వాడితే ఎంత బాగుంటుంది!

పర్యాటక శాఖ ఇలాంటి హోటళ్లను స్వయంగా చూసి, పేర్లు రామప్ప దగ్గర, కోట దగ్గర బోర్డు మీద రాయించాలి. ఏ వంటకంలో కారం ఎంత, పల్లీలు, పాలు, మాంసం ఉన్నాయా లేదా అన్నది మెనూలో ఇంగ్లిష్‌లో కూడా ఉండేలా చూడాలి. ఇదేమంత ఖర్చుతో కూడిన పని కాదు. ఆ అమ్మాయిలు ఈసారి అమ్మానాన్నలను తీసుకొస్తామన్నారు. వాళ్లు వచ్చేలోపు ఆ బోర్డు పెట్టించమని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, హనుమకొండ