పాప ఆ రేడియోను మళ్లీ బిగించిందా?

మిత్రమా,

నీ ఉత్తరం మొన్న అందింది. పాప ఫిజిక్స్ తీసుకోవాలా, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో చేరాలా అని మీ ఇంట్లో వారం రోజులుగా చర్చ తెగడం లేదన్నావు. ఫోనులో తేల్చే మాట కాదని తీరిగ్గా రాస్తున్నాను.

ముందుగా రెండు కోర్సుల సిలబస్‌లు తెప్పించి, నేరుగా మూడో సంవత్సరం పేజీలు తెరవండి. మొదటి ఏడాది రెండింటిలోనూ చాలావరకు ఒకటే ఉంటుంది: కలన గణితం, మెకానిక్స్, కొంత రసాయనశాస్త్రం, కాస్త ప్రోగ్రామింగ్. దాన్ని చూసి నిర్ణయిస్తే పొరబడతాం. దారులు విడిపోయేది ఆ తర్వాతే. ఫిజిక్స్‌లో పరమాణువుల స్థాయి నియమాలు చెప్పే క్వాంటం మెకానిక్స్, లెక్కలేనన్ని కణాల ఉమ్మడి నడతను లెక్కగట్టే స్టాటిస్టికల్ మెకానిక్స్ మొదలవుతాయి. ఎలక్ట్రికల్‌లో సిగ్నల్స్, యంత్రాలను అదుపులో ఉంచే కంట్రోల్ సిస్టమ్స్, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు వస్తాయి. గ్రంథాలయం నుంచి ఒక్కో పుస్తకం తెచ్చి, ఒక్కో అధ్యాయం చదవమను. అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఏ పుస్తకాన్ని విసుగు లేకుండా మళ్లీ తెరుస్తుందో చూడు.

పాఠం ఒకటే అయినా రెండు చోట్లా నడక వేరు. విద్యుత్తు, అయస్కాంతత్వం ఎలా ముడిపడి ఉంటాయో చెప్పే మాక్స్‌వెల్ సమీకరణాలు ఇద్దరికీ చెబుతారు. ఫిజిక్స్ తరగతిలో వాటి నుంచి కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనని మెట్టుమెట్టుగా రాబడతారు. మాక్స్‌వెల్ 1865లో ప్రచురించిన ఆ ఫలితం దగ్గర పిల్లలు నోరు తెరుచుకుని కూర్చోవడం నేను చూశాను. ఇంజినీరింగ్ తరగతిలో అవే సమీకరణాలతో ఏంటెన్నా పొడవు లెక్కకడతారు. 100 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం తరంగం పొడవు 3 మీటర్లు కాబట్టి, అందులో నాలుగో వంతు, అంటే దాదాపు 75 సెంటీమీటర్ల కడ్డీ సరిపోతుంది. ఇది కూడా అంతే అందమైన లెక్క.

పాప చిన్నప్పుడు రేడియో విప్పేసిందని రాశావు. విప్పడం రెండు రకాల పిల్లలూ చేస్తారు. ఆ తర్వాత ఏం చేసిందో నువ్వు రాయలేదు. మళ్లీ బిగించి పాట వినిపించేదాకా పట్టుబట్టిందా, లేక లోపలి తీగచుట్ట ఎందుకుందని అందరినీ అడుగుతూ తిరిగిందా? నాకు అది తెలియాలి.

ఇప్పుడు తప్పు ఎంచుకుంటే జీవితమే పోతుందన్న భయం మాత్రం వద్దు. పాల్ డిరాక్ 1921లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పట్టా తీసుకున్నాడు. ఉద్యోగం దొరక్క గణితం చదివాడు. 1933లో భౌతికశాస్త్రంలో నోబెల్ పంచుకున్నాడు. ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ పట్టా మెకానికల్, ఏరోస్పేస్ ఇంజినీరింగ్‌లో. 2018లో ఆమెకు నోబెల్ వచ్చింది రసాయనశాస్త్రంలో, ఎంజైములపై చేసిన పనికి. అలాంటి మేధావులు అరుదే, ఒప్పుకుంటాను. కానీ గణితం గట్టిగా ఉన్న మామూలు విద్యార్థులు కూడా ఇటునుంచి అటు మారడం నేనెరుగుదును. అందుకే ఏ కోర్సులో చేరినా గణితాన్ని మొక్కుబడిగా చదవనివ్వకు.

కంప్యూటర్ సైన్స్ అయితే నిశ్చింత అని మీ తమ్ముడు అంటున్నాడట. అందులోనూ నిరూపణలు, గ్రాఫులు, అల్గారిథమ్‌లు ఉంటాయి. అవి ఇష్టమైతే సంతోషంగా చేరవచ్చు. ఉద్యోగం కోసమే అయితే నాలుగేళ్లు చాలా పొడవు.

ఇక కాలేజీ సంగతి. ఇక్కడ నా మాట కొంచెం గట్టిగానే ఉంటుంది. పేరు చూసి చేరిన నా కాలేజీలో ఒక్కో ప్రయోగం బల్ల చుట్టూ ఆరుగురం నిలబడేవాళ్లం. ఒకడు మీటలు తిప్పేవాడు, మిగిలినవాళ్లం రీడింగులు ఎక్కించుకునేవాళ్లం. విద్యుత్ సంకేతాన్ని తెరపై గీతగా చూపే ఆసిలోస్కోప్‌ను ఒంటరిగా నా చేత్తో వాడింది ఉద్యోగంలో చేరాకే. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. కాబట్టి భవనాలు చూసి తిరిగి వచ్చేయకండి. ప్రయోగశాలలోకి వెళ్లి, బల్లకు ఎంతమందో లెక్కపెట్టండి. తరగతులు అయ్యాక సాయంత్రం దాన్ని తెరిచి ఉంచుతారా, మొదటి ఏడాది తర్వాత బ్రాంచి మారే వీలుందా, ఉంటే ఎన్ని మార్కులు కావాలి అని అడగండి. ఈ ప్రశ్నలు కార్యాలయంలో కాదు, మూడో ఏడాది పిల్లల్ని పట్టుకుని అడగాలి. వాళ్లు దాచరు. వీలైతే ఒక ప్రాజెక్టు చూపించమనండి. తాము చేసినదైతే ఎక్కడ చెడిందో, ఎలా సరిచేశారో ఆపకుండా చెబుతారు.

నా మూడో ఏడాది నోటు పుస్తకాలు, రెండు సబ్జెక్టులవి, ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. కంట్రోల్ సిస్టమ్స్ పుస్తకంలో అంచుల నిండా పెన్సిల్ ప్రశ్నలుంటాయి, కొన్నింటికి జవాబులు లేవు. పాప చేతికే ఇవ్వు. ఆదివారం ఫోను కూడా తననే చేయమను. రేడియో సంగతి తన నోటితోనే వినాలి.

నీ మిత్రుడు