కృష్ణలో తెడ్డు పడవకూ దారి కావాలి

సంపాదకుడు గారికి,

విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన నిలిచే కృష్ణ నీళ్లు తెడ్డు పడవలకు చక్కగా నప్పుతాయి. గేట్లు మూసి ఉన్న రోజుల్లో ప్రవాహం తెలియనంత నెమ్మది. ఊరికి ఆనుకునే ఉన్నాయి కనుక పిల్లలతో వచ్చినవాళ్లు ఆటో దిగి నేరుగా ఘాటుకు రావచ్చు. కానీ పున్నమి ఘాటుకూ భవానీ ద్వీపానికీ మధ్య అదే నీటి మీద లాంచీలు, స్పీడ్ బోట్లు, జెట్ స్కీలు, జాలర్ల పడవలు అన్నీ తిరుగుతాయి. సెలవు రోజు సాయంత్రం అక్కడ కనూ (పైన తెరిచి ఉండే సన్నటి తెడ్డు పడవ) వేసుకుని కుటుంబంతో బయల్దేరడమంటే సైకిల్ మీద పిల్లల్ని ఎక్కించుకుని హైవే మధ్యలోకి వెళ్లడమే. భద్రత మాట వచ్చినప్పుడల్లా ఇంజిన్ పడవలో ఎంతమందిని ఎక్కించారన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. ఆ పడవ పక్కనుంచి పోతే తెడ్డు పడవలో ఉన్నవారికి ఏమవుతుందో ఎవరూ అడగడం లేదు. ఈ పడవలకు పొద్దుటిపూట ఒక వేళ, నీటి మీద ఒక దారి విడిగా కేటాయించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం.

ముందు అల సంగతి. 16 అడుగుల కనూలో ఇద్దరు పెద్దలు, ఒక పిల్లవాడు కూర్చుంటే నీటికి పైన అంచు జానెడు మిగలడమే ఎక్కువ. 6 అంగుళాలకు తగ్గితే ఒకరిని దించాల్సిందే. అలాంటి పడవను చూసి చాలామంది స్పీడ్ బోటు డ్రైవర్లు మంచి ఉద్దేశంతోనే వేగం కాస్త తగ్గిస్తారు. ప్రమాదం అక్కడే వస్తోంది. పూర్తి వేగంలో స్పీడ్ బోటు నీటి మీదికి తేలి పోతుంది, వెనక లేచే అల చిన్నది. సగానికి తగ్గించగానే దాని వెనక భాగం నీళ్లలో కుంగుతుంది, ముక్కు పైకి లేస్తుంది, నీటిని దున్నుకుంటూ పోతుంది. అన్నిటికంటే పెద్ద అల పుట్టేది అప్పుడే. ముక్కు మళ్లీ కిందికి దిగి పడవ సమంగా కూర్చునేదాకా తగ్గించాలి, అదీ తెడ్డు పడవ దగ్గరికి వచ్చాక కాదు, చాలా ముందుగానే. అందుకే గంటకు ఇన్ని కిలోమీటర్లని బోర్డు పెడితే సరిపోదు. తెడ్డు పడవకు 100 మీటర్ల లోపు వెనక అల లేపకూడదన్నదే నియమం కావాలి. అల లేచిందో లేదో ఒడ్డున నిలబడిన కానిస్టేబుల్‌కు కూడా కంటికి కనిపిస్తుంది, ఏ యంత్రమూ అక్కర్లేదు.

ఒడ్డుకు దగ్గరగా ఉంటే క్షేమమని కొత్తవారు అనుకుంటారు. మట్టి ఒడ్డు దగ్గర అది నిజం, ఘాటు దగ్గర కాదు. రాతి మెట్లు, నిలువు గోడలు అలను మింగవు, తిప్పి కొడతాయి. వెళ్లే అల, తిరిగొచ్చే అల కలిసిన చోట నీళ్లు ఒక వరసలో కాకుండా నిట్టనిలువుగా ఎగురుతాయి. అక్కడ పడవను ఎటు తిప్పినా ప్రయోజనం ఉండదు. ఎక్కగానే 30, 40 మీటర్లు లోపలికి వెళ్లిపోవాలి. రెల్లు, తుంగ ఉన్న మెత్తటి ఒడ్డు పక్కన అల దానంతట అదే చచ్చిపోతుంది, తెడ్డు పడవల దారి అటువైపు ఉండాలి.

అల వస్తున్నప్పుడు చేయాల్సింది కొంచెమే అయినా ముందుగా నేర్పి ఉండాలి. పడవ పక్కభాగాన్ని అలకు ఇవ్వకూడదు. ముక్కును అలవైపు తిప్పి, నేరుగా కాకుండా 30 నుంచి 45 డిగ్రీల ఏటవాలుగా ఎక్కించాలి. నేరుగా పోతే బరువున్న కనూ ముక్కు మునిగి నీళ్లు లోపలికి వస్తాయి. పెద్దలు సీటు మీంచి దిగి మోకాళ్ల మీద కూర్చోవాలి, పిల్లలు అడుగున చతికిలబడాలి. తెడ్లు నీళ్లలోనే ఉండాలి. భయపడ్డవారు చేసే మొదటి పని తెడ్డు వదిలేసి రెండు చేతులతో అంచులు పట్టుకోవడం. అప్పుడు ఒళ్లు బిగుసుకుంటుంది, పడవ ఎటు ఒరిగితే మనిషీ అటే ఒరుగుతాడు. రెండో పని అందరూ ఒకేసారి ఒక పక్కకు జరగడం. ఫొటో కోసం లేచి నిలబడేవారి గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇక మోత. ఇది చెవికి ఇబ్బంది మాత్రమేనని కొట్టిపారేస్తున్నారు, కాదు. కనూలో దారి చూసుకునేది వెనక కూర్చున్నవారు, నీటిలో అడ్డంకి ముందుగా కనిపించేది ముందున్నవారికి. వారిద్దరి మధ్య మాట నడవకపోతే పడవ నడవదు. పక్కన లాంచీ మీద పెద్ద స్పీకర్లు మోగుతుంటే 10 అడుగుల దూరంలో ఉన్నవారి కేక వినపడదు, వెనకనుంచి వచ్చే జెట్ స్కీ శబ్దం తెలియదు, సాయం కోసం ఊదిన విజిల్ ఎవరికీ చేరదు. పిల్లలు ఆ హోరుకు బెదిరి కదలడం మొదలుపెడతారు. అందుకే రద్దీ నీళ్లలో చేతి గుర్తులు ముందే అనుకోవాలి: తెడ్డు అడ్డంగా పైకెత్తితే ఆగమని, నిలువుగా ఎత్తితే రమ్మని, విజిల్ మూడుసార్లయితే ఆపద అని. ఇది మేము చెప్పుకునే జాగ్రత్త. అధికారులు చేయాల్సింది వేరే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్. ఘాటుకు ఎదురుగా ఇళ్లున్నాయి, నీటి మీద శబ్దం అడ్డు లేకుండా వాటిదాకా పోతుంది. పడవకు అనుమతి ఇచ్చే కాగితంలోనే స్పీకర్లు వద్దని ఒక వాక్యం చేర్చడం కష్టం కాదు.

బ్యారేజీ గురించి గట్టిగా చెప్పాలి. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీకి 70 గేట్లు. అవి పైకి లేస్తాయి, నీళ్లు అడుగునుంచి పోతాయి, కాబట్టి పైన నీరు ప్రశాంతంగా కనిపిస్తూనే లోపల లాగుతుంటుంది. పిల్లలతో ఉన్న కుటుంబం తెడ్డు వేసి వెళ్లే వేగం గంటకు 3, 4 కిలోమీటర్లు. ప్రవాహం సెకనుకు ఒక మీటరు అంటే గంటకు 3.6 కిలోమీటర్లు, అంటే ఎంత తెడ్డు వేసినా ఉన్నచోటే ఉంటారు. మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కుల దగ్గర ఇస్తారు. ఆ లెక్క లంకలకోసం, ఊళ్లకోసం పెట్టింది. తెడ్డు పడవకు అంతకంటే ఎంతో తక్కువ ప్రవాహం కూడా ఎక్కువే. గేట్లన్నీ మూసి ఉన్నా ధీమా పడే వీల్లేదు, సాగు కాలంలో విజయవాడ వైపు తూర్పు కాలువ, సీతానగరం వైపు పడమటి కాలువ తలుపుల దగ్గర నీళ్లు లోపలికి లాగుతూనే ఉంటాయి. దానికి తోడు జూన్, జూలై నెలల్లో పడమటి గాలి బ్యారేజీ వైపే తోస్తుంది. నీరు నెమ్మదిగా ఉన్నప్పుడు కనూకు నీటి ఈడ్పు కంటే గాలి తోపు ఎక్కువ తగులుతుంది. అందుకే ఏ కాలమైనా ముందు ఎగువకే వెళ్లాలి, అలిసిపోయాక తిరుగుదారి తేలికవుతుంది. దిగువకు సరదాగా వెళ్లి ఎదురు తెడ్డు వేసుకుంటూ రావాలనుకోవడమే చాలా ఆపదలకు మొదలు.

2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో ఎగువనుంచి కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్ల దగ్గర ఢీకొన్నది అందరూ చూశారు. ఇనుప పడవలకే ఆ గతి పట్టిన చోట, బ్యారేజీకి ఎగువన ఒడ్డునుంచి ఒడ్డుకు నీటిపై తేలే రంగు బుంగలు కట్టిన తీగ వేసి, అది దాటి ఏ తెడ్డు పడవా పోకూడదని ఎందుకు నిర్ణయించరు?

లైఫ్ జాకెట్లు చాలాచోట్ల ఉంటాయి, సరైనవి ఉండవు. 50 న్యూటన్ల రకం (న్యూటన్ అంటే జాకెట్ మనిషిని తేల్చే బలానికి కొలత) ఈత వచ్చినవారికి, పక్కనే సాయం ఉన్నప్పుడు మాత్రమే. అది స్పృహ తప్పినవారి ముఖాన్ని పైకి తిప్పదు. ఈత రానివారికి కనీసం 100 న్యూటన్ల రకం ఇవ్వాలి. పిల్లలకు పెద్దల జాకెట్ బిగించి కడితే నీళ్లలో పడగానే అది తలమీంచి జారిపోతుంది. పిల్లల జాకెట్‌కు మెడ వెనక కాలర్, పట్టి లాగడానికి పిడి, కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉండాలి. పరీక్ష తేలిక: తొడిగి అన్ని బకిల్స్ పెట్టాక భుజాల దగ్గర పట్టి పైకి లాగండి. గడ్డం, చెవులు దాటి లేస్తే అది ఆ పిల్లకు సరిపోదు, వేరేది అడగండి. సిబ్బంది జాకెట్లను దిండ్లలా వేసుకుని కూర్చుంటే లోపలి ఫోమ్ అణిగిపోతుంది, ఎండలో పడేస్తే గుడ్డ చివుకుతుంది. వేలితో నొక్కితే తిరిగి లేవని జాకెట్‌ను ఆ రోజే పక్కన పెట్టాలి.

పొద్దున్నే జాలర్ల వలలుంటాయి. బెండ్ల వరస కనిపిస్తే దాని చివరిదాకా వెళ్లి చుట్టి రావాలి, మీదుగా పోకూడదు. అది వాళ్ల జీవనం. పైగా కయాక్ (కనూ లాంటిదే, ఇంకా సన్నటి తెడ్డు పడవ) అడుగున ఉండే రెక్కకు వల చుట్టుకుంటే విడిపించడం కష్టం. గుర్రపుడెక్క గుంపులోకి తోసుకుపోవద్దు, తెడ్డు దిగదు, వెనక్కి తిప్పడం అంతకంటే కష్టం.

పడవ బోల్తా కొడితే ముందు తలలు లెక్కపెట్టాలి, ఆ తర్వాతే సెల్‌ఫోన్లు, చెప్పులు. అందరూ పడవను పట్టుకునే ఉండాలి. నీటిమీంచి చూస్తే ఒడ్డు దగ్గరగా అనిపిస్తుంది, ఈదుకుంటూ బయల్దేరినవారే ఎక్కువగా మునుగుతారు. ప్రవాహం ఉంటే పడవకు ఎగువ పక్కన ఉండాలి, దిగువన ఉంటే పడవకూ స్తంభానికీ మధ్య నలిగిపోతారు. పిల్లల్ని పడవకు తాడుతో కట్టడం కొందరు జాగ్రత్త అనుకుంటారు, అది ప్రాణాంతకం. అద్దెకిచ్చే ప్రతి కనూకు రెండు కొసల్లో గాలి అరలు కానీ ఫోమ్ కానీ ఉండి, నీళ్లు నిండినా తేలాలి. ఘాటులో నింపి చూపించమని అడిగే హక్కు అద్దె కట్టేవారికి ఉండాలి.

2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడు, విజయవాడకు ఎగువన కృష్ణలోనే పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మరో పడవ మునిగింది. ప్రమాదం జరిగాక అన్ని పడవలూ ఆపేయడం, కొన్నాళ్లకు అన్నీ ఒకేసారి వదిలేయడం మనకు అలవాటైపోయింది. తెడ్డు పడవలను నిషేధించమని మేము అడగడం లేదు. 2021 నాటి అంతర్గత నౌకల చట్టం ఇంజిన్ లేని పడవలను కూడా స్థానికంగా నమోదు చేసే వీలు కల్పించింది. ఆ నమోదుతో మొదలుపెట్టి ప్రతి కనూ పక్కన నంబరు, ఎక్కగల బరువు కిలోల్లో రాయించండి, మనుషుల లెక్క కాదు. రోజూ ఉదయం 6 నుంచి 8:30 దాకా ద్వీపానికి ఒక పక్క పాయలోకి ఇంజిన్ పడవలను రానివ్వకండి. అత్యవసర పడవలు మాత్రమే ఉండాలి, ఎనిమిది తెడ్డు పడవలకు ఒకటి చొప్పున, అందులో విసిరే తాడు సంచితో ఇద్దరు. టికెట్ కిటికీ పక్కన నల్లబల్ల మీద ఆ పూట బ్యారేజీనుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో, రెండు కాలువలకు ఎంత పోతోందో నీటిపారుదల శాఖ లెక్క చూసి సుద్దతో రాయాలి. ఒక్క గేటు ఎత్తి ఉన్నా ఆ పూట తెడ్డు పడవలకు టికెట్ ఇవ్వకూడదు.

ఇట్లు,
తెడ్డు పడవల శిక్షకులు కొందరు,
విజయవాడ