కారు పిల్లర్ మీద గ్యాస్ మంట పెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో బండ్ల సొట్టలు తీసే టింకరింగ్ షెడ్లకు ఏడాది పొడవునా పనే. కొండకొచ్చే బండ్లు, చెన్నై, బెంగళూరు రోడ్ల మీద గుద్దుకున్న బండ్లు, పైగా అందరికీ రేపు పొద్దున్నకల్లా బండి చేతికి రావాలి. ఆ తొందరలో సొట్టపడ్డ చోట గ్యాస్ టార్చ్ పెట్టి, ఎర్రగా కాలాక లాగి, సుత్తితో సరిచేసి పంపేస్తున్నారు. పాత అంబాసిడర్‌కో జీపుకో అలా చేస్తే చెల్లింది, అది మామూలు మెత్తటి రేకు కాబట్టి.

ఇప్పటి కార్లు అలా కాదు. ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య నిలబడే బి పిల్లర్ చాలా మోడళ్లలో బోరాన్ స్టీలు, అంటే కాస్త బోరాన్ కలిపిన బాగా గట్టి ఉక్కు. ఫ్యాక్టరీలో దాన్ని సుమారు 900 డిగ్రీలకు కాల్చి, అచ్చులో ఉండగానే ఒక్కసారిగా చల్లారుస్తారు, దాని గట్టిదనమంతా అలా వచ్చిందే. మళ్లీ టార్చ్ పెడితే మెత్తబడిపోతుంది, ఎరుపు మన కంటికి కనపడేసరికే దాని బలం పోయినట్టు. చాలా రేకులకు తుప్పు పట్టకుండా పూసిన జింకు 420 డిగ్రీలకే కరుగుతుంది, ఇంకా కాలిస్తే తెల్లటి పొగై లేస్తుంది, అది పీల్చినవాళ్లకు రాత్రికి చలిజ్వరం. షెడ్లో పని నేర్చుకునే కుర్రాళ్లు మాస్కు పెట్టుకోగా నేనైతే చూడలేదు. అల్యూమినియం బానెట్‌తో ఇంకో తంటా, అది ఎర్రబడకుండానే కారిపోతుంది. పక్క నుంచి గుద్దితే కిటికీల మీదికి పరదాలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికి పైకప్పు అంచులోనే గ్యాస్ నింపిన సిలిండర్ ఉంటుంది, దాని పక్కన మంట పెట్టడం ఏం ధైర్యమో!

వేడే వద్దనడం లేదు. ప్లాస్టిక్ బంపర్ సొట్టకు హీట్ గన్ చక్కగా పనిచేస్తుంది. గొడవంతా పిల్లర్, తలుపుల కింది సిల్, ఛాసిస్ దగ్గరే. పుట్టీ పెట్టి పెయింట్ కొట్టాక లోపల ఏం జరిగిందో ఇన్సూరెన్స్ సర్వేయర్‌కూ తెలియదు, మళ్లీ పక్క నుంచి ఎవరైనా గుద్దితేనే తేలుతుంది.

టింకర్లను తిట్టి లాభం లేదు. వాళ్లు గురువు దగ్గర చూసింది చేస్తున్నారు, ఏ ముక్కకు వేడి తగలకూడదో, ఎక్కడ కోసి కొత్తది అతకాలో చెప్పే కంపెనీ మాన్యువల్ వాళ్ల చేతికి అందితే కదా. ఐటీఐల్లో సాయంత్రం పూట తెలుగులో నాలుగు క్లాసులు పెట్టించొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లు పిల్లర్ రిపేరుకు కాకుండా కొత్త పిల్లర్‌కు డబ్బివ్వాలి. బండి ఓనర్లు కూడా మంట పెట్టొద్దని ముందే చెప్పి, ఇంకో రెండు రోజులు ఆగాలి, దర్శనానికి బస్సులోనూ వెళ్లొచ్చు.

– ఒక పాఠకుడు, తిరుపతి