ఆరోగ్య శాఖ మంత్రి గారికి: మా మామ్మ సిగరెట్ తాగదు, నిజమే, కానీ...

మంత్రి గారూ, నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, బారువ దగ్గర సముద్రం ఒడ్డు. ఆమధ్య సర్వే అని ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చి మా మామ్మని సిగరెట్, బీడీ తాగుతారా అని అడిగింది. "సిగరెట్టా, నానేటి మగోడ్నేటమ్మా" అని మామ్మ నవ్వేసింది, ఆ పిల్ల లేదు అని నొక్కేసి వెళ్లిపోయింది. మామ్మ బొడ్లో అప్పటికే సగం కాల్చిన చుట్ట దోపి ఉంది సార్.

మా దగ్గర ఆడోళ్లది అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు, సముద్రం గాలికి ఆరదు, ఎక్కువసేపు వస్తది, చూసేవాళ్లకి కనపడదు కూడా. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగుల్తాయి, అందుకే మా వైపు కేన్సర్ అంగిలి మీద కూడా వస్తది. ఇదేం కొత్త కబురు కాదు, ఈ జిల్లాలోనే 10,169 మంది నోళ్లు చూసి 1971లోనే డాక్టర్లు పేపర్ వేశారు. మరి ఇన్నేళ్ల తర్వాత కూడా పోస్టర్ మీద సిగరెట్ పట్టుకున్న మగాడి బొమ్మేనా?

ప్యాకెట్ మీద 85 శాతం హెచ్చరిక ఉండాలని రూలు ఉంది, బానే ఉంది, కానీ మా సంతలో చుట్టలు కట్ట కట్టి అమ్ముతారు, దానికి ప్యాకెట్టే ఉండదు, ఇంక బొమ్మ ఎక్కడ వేస్తారు, మానడానికి ఫోన్ చెయ్యమనే ఆ 1800-11-2356 నంబర్ ఎక్కడ చూస్తారు. పైగా ఇచ్ఛాపురం, కవిటి వైపు చాలా ఇళ్లలో ఒడియా, మందస, మెళియాపుట్టి కొండల్లో గిరిజనుల సవర భాష. గిడుగు రామమూర్తి గారు మా జిల్లాలో పుట్టి, సవరల కోసం సవర నేర్చుకుని వాచకాలు రాశారు, అదీ కార్లూ ఫోన్లూ లేని రోజుల్లో. మీ శాఖ ఒక్క ఆడియో అయినా సవరలో చేయించలేదా అని అడగాలనిపిస్తోంది. ముసలోళ్లు ఎలాగూ చదవరు, వాళ్ల మాటలో వాళ్ల వయసు ఆడమనిషి చెప్తే వింటారు.

30 దాటినోళ్లకి నోటి కేన్సర్ పరీక్ష మీ ప్రోగ్రాంలోనే ఉంది కదా, ఆ ఫారంలో "అడ్డపొగ కాలుస్తారా" అన్న ఒక్క ముక్క కలపండి చాలు. అంగిలి తెల్లబడ్డప్పుడే మానేస్తే చాలామందికి తగ్గిపోతది, పుండు పడ్డాక విశాఖ తిరగడమే.

ఈసారి సర్వేకి పంపేటప్పుడు ఆ అమ్మాయి చేతికి ఒక టార్చ్ ఇచ్చి పంపండి, మామ్మ నోరు తెరిపించే పూచీ నాది.