తెర మీద ఉన్న నీలం ఫైలులోకి ఎందుకు రాలేదు?

వినియోగదారుల సేవా విభాగం వారికి,

విషయం: పేజీకి పెట్టిన బ్యాక్‌గ్రౌండ్ రంగు ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలులో లేకపోవడం గురించి ఫిర్యాదు.

నమస్కారం.

మీ గ్రాఫిక్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను చందా కట్టి వాడుతున్నాను. ఇటీవల ఒక పోస్టర్ చేస్తూ పేజీ సెట్టింగులలో బ్యాక్‌గ్రౌండ్‌కు ముదురు నీలం ఎంచుకున్నాను. తెర మీద పేజీ అంతా నీలంగానే కనిపించింది. దాని మీద తెల్లని అక్షరాలు పేర్చి, పీఎన్‌జీ అనే రకం బొమ్మ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి పంపాను. చేయించుకున్నవారు తెరిచి చూస్తే ఖాళీ తెల్లని పేజీ ఉందట. ఉండదా మరి! తెలుపు మీద తెల్లని అక్షరాలు ఎవరికి కనపడతాయి? జేపీజీ అనే మరో రకం ఫైలుగా మార్చి చూస్తే వెనకంతా నల్లగా వచ్చింది.

కారణం వెతికే పనీ నా మీదే పడింది. రంగు ఎంచుకునే పెట్టెలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల కింద, రంగు ఎంత నిండుగా ఉండాలో చెప్పే ఆల్ఫా అనే గడి ఉంది. పేజీ రంగుకు మాత్రం దాన్ని మీరే ముందుగా 0 దగ్గర ఉంచారు. అంటే ఏ రంగు ఎంచుకున్నా ఫైలు లెక్కలో అది పూర్తిగా పారదర్శకం. పీఎన్‌జీ పారదర్శకతను నిలుపుకోగలదు కనుక వెనక ఖాళీ మిగిలింది, తెరిచినవారికి అది తెల్లగా కనిపించింది. జేపీజీకి ఆ వీలు లేదు, ఏదో ఒక రంగుతో నింపక తప్పదు. మీ సాఫ్ట్‌వేర్ నలుపుతో నింపింది. ఇందులో సాంకేతికంగా తప్పేమీ లేదని మీ ఇంజనీర్లు అనవచ్చు. అలాగైతే తెర మీద బూడిద, తెలుపు గళ్లు చూపించాలి కదా? ఆ గళ్లు కనిపిస్తే అక్కడ రంగు లేదని ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుస్తుంది. మీరు నిండు నీలం చూపించారు. నా అభ్యంతరమంతా అక్కడే.

దీనికి పేర్ల గందరగోళం తోడు. రబ్బరుతో చెరిపితే పడే రంగూ బ్యాక్‌గ్రౌండే, పేజీ రంగూ బ్యాక్‌గ్రౌండే, పేజీ చుట్టూ ఉన్న ఖాళీ జాగా రంగూ బ్యాక్‌గ్రౌండే. ముగ్గురు అన్నదమ్ములకు ఒకే పేరు పెట్టినట్టుంది.

మీ సహాయ విభాగానికి రాస్తే, పేజీ అంత దీర్ఘచతురస్రం గీసి, రంగు నింపి, అట్టడుగు లేయర్‌లో పెట్టి కదలకుండా లాక్ చేయమన్నారు. ఆ చిట్కా కొత్తగా పనిలో చేరినవారికీ తెలుసు. కానీ పేజీ కొలత మారిన ప్రతిసారీ దాన్నీ సరిచేయాలి. అంచు దగ్గర వెంట్రుకవాసి తేడా ఉన్నా ఫైలులో సన్నని గీత తేలుతుంది. ఈ తంటా అంతా పడాలంటే ఆ సెట్టింగు ఉండి ఏం లాభం?

పేజీకి రంగు ఎంచుకోగానే ఆల్ఫా దానంతట అదే 255కు, అంటే పూర్తి నిండు రంగుకు, చేరాలి. కావాలని 0 పెట్టుకున్నవారికి తెర మీద గళ్లే కనిపించాలి. జేపీజీలో ఖాళీని ఏ రంగుతో నింపాలో ఎక్స్‌పోర్ట్ సమయంలోనే అడగాలి. బ్యాక్‌గ్రౌండ్ అని పిలుస్తున్న ఆ మూడు రంగులకూ వేర్వేరు పేర్లు పెట్టండి.

అసలు ఫైలును, ఎక్స్‌పోర్ట్ చేసిన రెండు ఫైళ్లను జతచేస్తున్నాను. ఏ వెర్షన్‌లో సరిచేస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి. సరిచేసే ఉద్దేశం లేకపోతే మిగిలిన కాలానికి నా చందా సొమ్ము తిరిగి ఇప్పించండి.

ఇట్లు,
మీ చందాదారు