పొట్టి రివాల్వర్లన్నీ ఒకటి కాదండీ

సంపాదకుడు గారికి,

ఆదివారం సంచికలో అమెరికా పోలీసుల పాత రివాల్వర్ల మీద వేసిన వ్యాసం బాగుంది గానీ, పొట్టి గొట్టం ఉన్న ప్రతిదాన్నీ ఒకే గాటన కట్టేశారు. తుపాకుల కంపెనీ కోల్ట్ వాళ్లు 1927లో తెచ్చిన డిటెక్టివ్ స్పెషల్‌లో ఆరు తూటాలు పడతాయి, ఇంకో కంపెనీ స్మిత్ అండ్ వెసన్ 1950లో తెచ్చిన చీఫ్స్ స్పెషల్‌లో ఐదే. ఆ ఒక్క తూటా వదులుకోబట్టే తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్ సన్నబడి కోటు జేబులో ఉబ్బెత్తుగా కనపడకుండా పోయింది, మఫ్టీలో తిరిగేవాళ్లకి కావాల్సింది అదే కదా. ఆ పేరు కూడా పోలీసు చీఫ్‌ల సమావేశంలో పెట్టించుకున్నదే, ప్రచారం అంటే అలా ఉండాలి!

అసలు తలనొప్పి వెనకాల ఉండే హ్యామర్‌తో, అంటే తూటా పేలేలా కొట్టే సుత్తిలాంటి భాగంతో. తొందరలో తీస్తుంటే దాని కొక్కెం జేబు లోపలి గుడ్డకి తగులుకునేది. కోల్ట్‌లో పనిచేసిన జాన్ హెన్రీ ఫిట్జ్‌జెరాల్డ్ ఆ కొక్కెం కోసేసి, గొట్టం పొట్టి చేసి, ట్రిగ్గర్ ముందున్న కమ్మీ కూడా తీసేసేవాడు (ఆ చివరిది మాత్రం ఒట్టి తెగింపు). తర్వాత స్మిత్ అండ్ వెసన్ తన నూరేళ్ల సందర్భంగా 1952లో తెచ్చిన సెంటెన్నియల్‌లో హ్యామర్ మొత్తం లోపలే దాక్కుంటుంది. వ్యాసంలో దీని ఊసే లేదు.

ఇంకోటి, ఫొటో కింద డిటెక్టివ్ స్పెషల్ అని వేశారు. అందులో సిలిండర్ తెరిచే ఉంది, బొక్కలు లెక్కపెట్టాను, ఐదే ఉన్నాయి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు