గవ్వలు కొంగుచాటున వేయకూడదు

విజయనగరం,
ఆదివారం సాయంత్రం

ఒరే బావా,

నీ ఉత్తరం అందింది. వెంటనే రాయలేదని అనుకోకు. మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ కదా, ఊళ్లో ప్రతి ఇంటికీ చుట్టాలే. మేడ మీద మేం ఆడుకునే గదిలో ఇప్పుడు పార్వతీపురం నుంచి వచ్చిన పెద్దమ్మ వాళ్ల పరుపులున్నాయి. బల్ల మడిచి గోడకి ఆనించేశాను. ఈ వారం ఆట లేదు కాబట్టే ఇంత తీరిక దొరికింది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

బెంగళూరులో ఆఫీసు వాళ్లతో డంజన్స్ అండ్ డ్రాగన్స్, అదే, తలా ఒక పాత్ర వేసుకుని డైస్ వేస్తూ కథ నడిపే మన ఆట, మొదలుపెట్టావని, మూడో వారానికే ఇద్దరు మానేశారని రాశావు. రూల్స్ అన్నీ చదివాను, మ్యాపులు గీశాను, మరెక్కడ తప్పు జరిగిందీ అని అడిగావు. నువ్వెంత కష్టపడి ఉంటావో నాకు తెలుసు. కానీ తప్పు మ్యాపుల్లో ఉండి ఉండదు.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటని బయటికి తెచ్చిన నాటి నుంచీ బల్ల దగ్గర ఒక్కరి చేతిలో, అంటే ఆట నడిపే డంజన్ మాస్టర్ (డీఎమ్) చేతిలో, మిగతా అందరికన్నా ఎక్కువ అధికారం ఉంది. అడవీ డీఎమ్మే, అడవిలో పులీ డీఎమ్మే, పులి పంజా తగిలిందో లేదో చెప్పేదీ డీఎమ్మే. ఇంకే ఆటలోనైనా ఇలా ఒప్పుకుంటామా? ఇందులో ఒప్పుకుంటున్నారంటే ఆ మనిషిని నమ్మి కూర్చుంటున్నారన్నమాట. మీ వాళ్లిద్దరూ విసుగొచ్చి మానేశారో, నమ్మకం పోయి మానేశారో ఒకసారి ఆలోచించు. నాకు ఆ రెండోది జరిగింది కాబట్టి అడుగుతున్నాను.

రెండేళ్ల కిందట నేను మొదలుపెట్టినప్పుడు పాత క్యాలెండర్ అట్టలు రెండు ఎదురుగా నిలబెట్టుకుని, వాటి చాటున డైస్ వేసేవాణ్ణి. మా పిన్ని కొడుకు, ఆ డిగ్రీ చదివేవాడు, ఆటలో కత్తివీరుడు. ఒక రాత్రి వంతెన మీద వాడికి ఓగర్ అనే రాక్షసుడు ఎదురయ్యాడు. నా ఇరవై ముఖాల డైస్ మీద 20 పడింది. 20 పడితే దెబ్బ తప్పదు, పైగా దెబ్బకి వేసే డైసులు రెట్టింపవుతాయి. వాడికి మిగిలిన ప్రాణం ఆరే ఆరు హిట్ పాయింట్లు. వాడి మొహం చూశాను. ‘4 పడింది, గద గాల్లోంచి పోయింది’ అనేశాను. తర్వాతి టర్న్‌లో వాడు ఓగర్‌ని ఏట్లోకి తోసేశాడు. గదంతా కేకలు. వారం రోజులు కాలేజీలో ఆ కథే చెప్పుకున్నాడు.

ఆరు నెలలు పోయాక, ప్రేమతో చేసిందే కదా అని ఆ సంగతి వాడికి చెప్పాను. వాడు కోప్పడలేదు. కాసేపు ఊరుకుని, ‘అన్నయ్యా, మరి సొరంగంలో నేను గెలిచింది? కోట తలుపు దగ్గర గెలిచింది?’ అని ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ అడిగాడు. అవన్నీ నిజంగా వాడు గెలిచినవే. ఆ మాటే చెప్పాను. కానీ వాడు నమ్మడానికి నేను ఏం చూపించగలను? డైస్ పడింది అట్టల వెనక, చూసింది నేనొక్కణ్ణే.

అప్పుడే టీ తెచ్చిన అమ్మ ఇదంతా విని, ‘వైకుంఠపాళిలో ఎవరైనా గవ్వలు కొంగుచాటున వేస్తే మళ్లీ వాళ్లతో ఆడతామేట్రా?’ అంది. మొదట్లో అమ్మకి ఈ పాచికలంటేనే పడేది కాదు. శకుని గుర్తొస్తాడు, ఇంట్లో ఈ జూదం ఏమిటి అనేది. డబ్బు పెట్టి ఆడేది కాదని నెమ్మదిగా నచ్చజెప్పాను. అలాంటి అమ్మ అన్న మాట అది. ఆ పూటే అట్టలు తీసేశాను. అప్పటి నుంచి నా డైస్ కూడా బల్ల మధ్యలో స్టీలు పళ్లెంలోనే పడుతుంది. ఎంత పడిందో నాకన్నా ముందు మా మేనకోడలు చదివేస్తుంది.

మరి రహస్యాల సంగతేమిటంటావు. ఎవరో అబద్ధం చెబుతున్నారు, గోడ వెనక ఎవరో నక్కి ఉన్నారు, ఇవి బయటపడిపోవా అని. వాటికి నేను డైసే వేయను. నియమాల్లోనే దారుంది: పాత్రకున్న నేర్పు అంకెకి 10 కలిపి, వచ్చినదాన్ని ఆ రహస్యం కనిపెట్టడానికి కావాల్సిన అంకెతో పోల్చి చూసుకుంటే చాలు. ఐదుగురి అంకెలూ నా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి ఉంటాయి.

అయితే డైస్ బయట వేసినంత మాత్రాన న్యాయం అయిపోదు. ముఖ్యమైనది అంతకన్నా ముందుంది. ఆటగాడు ‘సరే, చేస్తాను’ అనే ముందే దేనికి ఒప్పుకుంటున్నాడో వాడికి తెలియాలి. ఒక ఉదాహరణ చెప్తాను. శాలిహుండం గుర్తుందా, మనం సైకిళ్ల మీద వెళ్లి ఆ ఇటుక స్తూపాల మధ్య కూర్చుని కింద వంశధారని చూసిన రోజు? ఆ కొండనే పేరు మార్చి నా ఆటలో పెట్టుకున్నాను. అక్కడ ఒక గోడ కూలి మధ్యలో పెద్ద ఖాళీ ఏర్పడింది. మా మేనకోడలి పాత్ర దొంగ, పేరు మిణుగురు. గోడ మీది నుంచి అటువైపుకి దూకేస్తానంది. వెంటనే డైస్ వేయించలేదు. ‘15 రావాలి. నీ నేర్పుకి 3 కలుస్తుంది కాబట్టి డైస్ మీద 12 గానీ ఆపైన గానీ పడాలి. అంటే 20 ముఖాల్లో 9. కింద 30 అడుగుల లోతు. పడితే ఆరు ముఖాల డైసులు మూడు వేస్తాను, సగటున పదిన్నర దెబ్బ. నీ దగ్గరున్న హిట్ పాయింట్లు 9’ అని చెప్పాను.

పిల్ల ఆగింది. అందరూ బల్ల మీదికి వంగారు. మాతో ఆడే లెక్కల మాస్టారు ఆమె నడుముకి తాడు కట్టి ఇటు నుంచి పట్టుకుంటానన్నారు. తోడుంటే డైస్ రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు కదా, 45 శాతం అవకాశం కాస్తా 70 దగ్గరికి వెళ్లింది. తాడుంది కాబట్టి తప్పినా వేలాడుతుందే గానీ కింద పడదన్నాను. దూకింది. మొదటిది 5, రెండోది 14. ఆ కేకలకి కింద వాటాలో వాళ్లు మేల్కొన్నారు.

అంకెలు ముందే చెప్పేస్తే థ్రిల్ పోతుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. తెలియని గుంటలో పడితే వచ్చేది ఒళ్లుమంట. తెలిసి దూకినప్పుడే గుండె కొట్టుకుంటుంది.

పాత్ర చనిపోవడం గురించి కూడా అడిగావు. మా దగ్గర ఒక్కసారే జరిగింది. బ్యాంకులో పనిచేసే అక్క గుర్తుందిగా, ఆవిడ పాత్ర వైద్యం తెలిసిన పూజారిణి. ఊరివాళ్లు తప్పించుకునేదాకా ఒంటరిగా రేవులో నిలబడి అడ్డుకుంటానంది. ‘అక్కా, వాళ్లు ఎనిమిది మంది, మనవాళ్లు ఏరు దాటేశారు, వెనక్కి రావడానికి టైం పడుతుంది’ అన్నాను. ‘తెలుసు తమ్ముడూ, నిలబడతాను’ అంది. హిట్ పాయింట్లు సున్నాకి వచ్చాయి. అక్కడి నుంచి ప్రతి టర్న్‌కీ ఒక డైస్: 10, ఆపైన పడితే బతుకువైపు ఒక గుర్తు, తక్కువ పడితే చావువైపు ఒక గుర్తు, ఏవి ముందు మూడైతే అదే. పళ్లెంలో 7 పడింది, 13 పడింది, 3 పడింది, 8 పడింది. ఎవరూ మాట్లాడలేదు. నేనూ ఏమీ మార్చలేదు. అక్క కళ్లు తుడుచుకుని, ‘ఊరివాళ్లు దాటారా?’ అని అడిగింది. దాటారన్నాను. తర్వాతి ఆదివారం తొలి గంట మిగతావాళ్లు చనిపోయిన పూజారిణి పూజగంటని ఏట్లో వదలడంతోనే గడిచింది. ఎవరూ చెప్పకుండానే అందరూ లేచి నిలబడ్డారు. అక్క ఇప్పుడు ఆ పూజారిణి చెల్లెలిగా ఆడుతోంది. ఆ రోజు చాటుగా అంకె మార్చి ఉంటే ఆవిడ అక్కడ నిలబడ్డ దానికి విలువే లేకుండా పోయేది.

ఇంకో విషయం, ఇది నువ్వు తప్పకుండా చెయ్యాలి. డైస్ ముట్టుకోక ముందే ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి మాట్లాడు. దీన్ని సెషన్ జీరో అంటారు. ఎలాంటి కథ కావాలి, ఎన్ని గంటలు కూర్చోగలరు, ఏది వద్దు. ఈ చివరిది మొహమాటంతో ఎవరూ చెప్పరు, అందుకని నేను చీటీలు పంచాను. పేరు రాయక్కర్లేదన్నాను. మందుల షాపు నడిపే మిత్రుడు మాత్రం చీటీ నా చేతికిచ్చి, ‘తుపాను వద్దు’ అని పైకే చెప్పాడు. వాళ్లది ఉద్దానం. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చిన రాత్రి వాళ్ల కొబ్బరితోట మొత్తం నేలమట్టమైంది. తాతగారు నాటిన చెట్లు. నేనేమో మూడు నెలల కథని ఒక పెద్ద తుపాను వైపే నడిపిద్దామని రాసి పెట్టుకున్నాను! ఆ పేజీలు చించేశాను. తుపాను బదులు నదే దారి మార్చుకుని ఎండిపోయే కథ రాశాను. మంచి కథే అయింది. అదలా ఉంచు, చీటీ అడగకపోయి ఉంటే ఆ మనిషి చేత ఆ రాత్రిని మళ్లీ బతికించేవాణ్ణి, వినోదం పేరుతో. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. నా తరఫున నేనూ ఒక చీటీ వేశాను: పైడితల్లి అమ్మవారిని ఆటలోకి తేనని. కొండదేవతలు, నదీదేవతలు ఉన్నా అందరూ కల్పించినవాళ్లే.

మాట్లాడనివాళ్ల గురించి. పోరాటంలో వరస ఉంటుంది, అందరికీ టర్న్ వస్తుంది. మిగతా సమయంలో వరస లేదు, గొంతు పెద్దగా ఉన్నవాళ్లదే కథ అయిపోతుంది. మా మేనకోడలు టెన్త్, చుట్టూ అందరూ పెద్దవాళ్లే. మొదటి మూడు వారాలూ నోరెత్తలేదు. ‘నువ్వేం చేస్తావమ్మా?’ అని అడిగితే ఇంకా ముడుచుకుపోయేది. అందరూ తనవైపు తిరిగేసరికి టెన్షన్. అప్పుడు అడిగే తీరు మార్చాను. ‘మిణుగురూ, ఈ తలుపు మీద గీతలు నీకు తెలిసినవే, మీ దొంగల గుర్తులు. ఒకటి పాతది, ఒకటి నిన్న గీసింది’ అన్నాను. తన ఒక్కదానికే తెలిసిన సంగతి అది. మిగతా నలుగురూ ‘ఏమిటా గుర్తు?’ అని తననే అడగాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి ఆగితే ఒట్టు. నోట్‌బుక్‌లో ఐదుగురి పేర్లూ రాసి, కథ ఎవరి చేతిలో నడిస్తే వాళ్ల పక్కన టిక్ పెడతాను. గంటయ్యేసరికి టిక్ లేని పేరుంటే తర్వాతి మలుపు వాళ్ల గుమ్మంలోనే.

కథ ఆగిపోతే ఏం చెయ్యాలన్నావు. ఆ చోట డైస్ వేయించకు, అంతే. గుహ తలుపు తెరుచుకుంటేనే కథ ముందుకి వెళ్తుందంటే, తెరుచుకోనివ్వు. శబ్దం లేకుండా తెరిచారా, కాపలావాళ్లు మేల్కొనేలా తెరిచారా అన్నదానికి డైస్ వేయించు. ఇది తెలియక ఒకసారి నలభై నిమిషాలు తలుపు బయట కూర్చోబెట్టాను పాపం. అలాగే ముఖ్యమైన రహస్యానికి ఆనవాళ్లు మూడుచోట్ల పెట్టు. ఒకటి గమనించరు, ఒకటి తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది పనికొస్తుంది.

పుస్తకాలకి డబ్బు తగలేయకు. 2023 జనవరిలో మూల నియమాలని క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా వదిలేశారు, మొదలుపెట్టడానికి అవి చాలు.

చివరిగా భాష. నువ్వు ఇంగ్లీషులో నడుపుతున్నావని రాశావు. మీ బల్ల దగ్గర అందరూ తెలుగువాళ్లే కదా, ఒక్క వారం తెలుగులో నడిపి చూడు. లెవెల్, టర్న్, హిట్ పాయింట్లు అలాగే ఉండనీ, వాటిని అనువాదం చేయక్కర్లేదు. మనుషులు మాట్లాడేది మాత్రం తెలుగు. మా కథలో పడవ నడిపే ముసలాయన, ‘ఏటి బాబూ, ఏరు దాటాలా? నాను సెప్పినట్టు ఇంటే దాటిస్తాను’ అంటాడు. ఆయన ఆ రాజ్యంలో అందరికన్నా పెద్ద మంత్రవేత్త. కావాలనే అలా పెట్టాను. సినిమాల్లో మన యాసని ఎప్పుడూ నవ్వించడానికే వాడతారు, నాకది చిన్నప్పటి నుంచీ బాధ. మా బల్ల దగ్గర ఆ యాస వినపడగానే అందరూ సర్దుకుని కూర్చుంటారు, ఏదో పెద్ద విషయం చెప్పబోతున్నాడని.

మర్చిపోయాను, ఇంకో కబురు. సంక్రాంతికి ఆట నేను నడపడం లేదు. మా మేనకోడలు నడుపుతానంది. రాత్రిళ్లు చదువుకునే లెక్కల నోటు వెనక మ్యాపు గీస్తోంది. నన్ను చూడనివ్వదు. ‘మావయ్యా, నువ్వు ఒకటో లెవెల్ క్యారెక్టర్ చేసుకో, నీ చీటీ కూడా రాసివ్వు’ అని నిన్న ఆర్డరేసింది. పదిహేనేళ్ల తర్వాత నువ్వూ నేనూ ఒక బల్ల దగ్గర ఒకే పక్క కూర్చోవచ్చు. ఆరో కుర్చీ నీదే. టికెట్ తీసుకున్నాక చెప్పు, నీ పాత్ర ఏమిటో కూడా రాయి. వైద్యం మాత్రం నాకొదిలెయ్.

నీ
బావ

తా.క.: మానేసిన ఆ ఇద్దరినీ టీకి పిలిచి, ఏం జరిగిందో అడుగు. వాళ్లు చెబుతున్నప్పుడు మధ్యలో సమాధానం చెప్పకు.